నూకాలమ్మకీ సుందరికీ మధ్యనున్న చెక్క

తల్లి నూకాలమ్మకి దండం పెట్టి రాస్తున్నది.

తూర్పుగోదావరి జిల్లా అమలాపురం తాలూకా బెండమూర్లంక రేవులో ప్రస్తుతానికి లంగరు వేసి ఉన్న సంగాని పోలిరాజు అనే నేను, కీర్తిశేషులు సంగాని వెంకన్న గారి కొడుకుని, యాభై ఇంకా నిండనివాణ్ణి, వృత్తి పడవ నడిపే సరంగు, పూర్తి తెలివితోనూ స్థిమితమైన బుద్ధితోనూ, ఒకరి బలవంతం గానీ ఒకరి మాయమాట గానీ లేకుండా, నా భార్య వీరాయమ్మకీ, నా మాట జరిపించవలసిన పెద్దలకీ నా సొంత చేత్తో రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా:

స్థిమితమైన బుద్ధి అన్న ముక్క చూసి రేవులో కాఫీ హోటలు వీరవెంకటరమణ పడీ పడీ నవ్వేడండి. నవ్వమనండి. నా బుద్ధి స్థిమితం అని ప్రమాణం చేసే మనిషి కోసం రాజోలు దాకా వెతికినా ఒక్కడూ దొరకడు. ఆ ముక్క లేకపోతే వీలునామా చెల్లదట, అందుకని రాసేను.

ముందు అమలాపురంలో దస్తావేజులు రాసే ఆయన దగ్గరికే వెళ్ళేను. కాపురస్తుడు అని రాయాలి, ఏ వీధి, ఇంటి నంబరు ఎంత అన్నారు. నా గొంతు పోయింది కదండీ, పలక మీద రాసి చూపించేను: పడవండి, మాకు వీధి ఉండదు, ఎదురింటివాళ్ళు రోజూ మారిపోతారు, అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఇంకో ముక్క రాసేను: దీన్ని నేను బతికుండగానే అందరికీ చదివి వినిపించాలి, అని. దాంతో కలం కింద పెట్టేసి, "చచ్చేక చదివేది వీలునామా, బతికుండగా చదివేది అర్జీ. నీకేం కావాలో తేల్చుకుని రావయ్యా" అన్నారు. తేల్చుకున్నానండి. ఆయన పుస్తకంలోంచి మంచి మంచి మాటలు నాలుగు ఏరుకొచ్చి నేనే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. తప్పులుంటే దిద్దొద్దు, నావి నాకు ఉంచండి.

గొంతు సంగతి కూడా చెప్పాలి. చుట్ట కాల్చీ కాల్చీ గొంతులో ఓ కాయ కాసింది. కాకినాడ తీసుకెళ్తే పెద్ద డాక్టరుగారు లైటు వేసి చూసి, ఇంటికెళ్ళి ఇష్టమైనవన్నీ తినమన్నారు. మింగుడు పడనివాడితో ఆ మాట అన్నాడంటే ఆయన నాకన్నా గడుసువాడు. అప్పటినించీ నా వేళాకోళాలన్నీ పలక మీదే. రాసి చూపించి, వాళ్ళు కూడబలుక్కుని చదివే లోపల నాకే నవ్వు చచ్చిపోతోంది.

ఈ కాగితం అంతా ఒక్క సంగతి కోసం. నేను పోయేక వీరాయమ్మ తల మీద నూకాలమ్మ గూడు ఉండాలి. మిగిలినవన్నీ దాని చుట్టూ అల్లిన తాళ్ళు.

1. ఆస్తి వివరం.

నా స్వార్జితం రెండు పడవలు. మొదటిది గూడు వేసిన కాలవ పడవ, పేరు నూకాలమ్మ. రెండోది తెరచాప నావ, పేరు సుందరి. భూమి అంటారా, వీరాయమ్మ కనకాంబరాలు వేసుకున్న కిరసనాయిలు డబ్బాల్లో ఉన్న మట్టే మా భూమి.

రెండిట్లో ఏది గొప్పది పోలిరాజూ అని రేవులో ప్రతివాడూ అడిగేవాడండి. ఒక్కోడికి ఒక్కోటి చెప్పి వాళ్ళలో వాళ్ళకి తగువు పెట్టి, నేను చుట్ట వెలిగించుకుని కూచునేవాణ్ణి. ఇప్పుడు ఇంక దాచేదేముంది, ఉన్నదున్నట్టు చెప్తాను.

నడక మాటకొస్తే సుందరి నడకే నడక. సాయంత్రం సముద్రం మీంచి పైరగాలి లేచిందంటే చాప ఎత్తి చుక్కాని మీద చెయ్యి ఆనిస్తే చాలు, ఓడలరేవు నించి బోడసకుర్రు దాకా వైనతేయ పాయ మీద గీత గీసినట్టు పోతుంది. గాలి ఎదురొచ్చినా ఓసారి అటు వాలి ఓసారి ఇటు వాలి ముందుకే పోతుంది గానీ వెనక్కి తగ్గదు. నూకాలమ్మకి గాలీ వెనకనించే రావాలి, నీళ్ళూ వెనకనించే రావాలి, అప్పుడు కూడా బతిమాలుకోవాలి. గాలి పడిపోతే కళాసీలు గట్టు మీదకి దిగి భుజాన తాడేసుకుని లాగాల్సిందే. ఓసారి లొల్ల లాకుల దగ్గర గట్టు మీద నడుస్తున్న ఓ ముసలమ్మ మమ్మల్ని దాటిపోయి, మళ్ళీ వెనక్కి తిరిగొచ్చి, "ఏం బాబూ, తొందర సామాను గానీ ఉంటే నా నెత్తి మీద పెట్టండి, దింపేసి పోతాను" అంది. ఆవిడకి దండం పెట్టేను.

సుఖం మాటకొస్తే ఇక్కడే మనుషులు పొరపడతారు. సుందరిని చేయించింది నేను కాదండి. రాజోలు వైపు ఒక రాజుగారు, యుద్ధం ముందర, గోదారి మీద షికార్లు చెయ్యాలని తాళ్ళరేవులో బర్మా టేకు పెట్టి చేయించేరు. అద్దాల కిటికీలు, పరుపు వేసిన బల్ల, గోడకి బిగించిన నిలువుటద్దం, గ్రామఫోను పెట్టుకోడానికి గూడు. చుక్కాని దగ్గర నన్ను పెట్టుకున్నారు. మొదటి షికారులో, గోదారి సముద్రంలో కలిసే మొగ ఇంకా దూరంలో ఉండగానే, ఆయనకి కడుపులో తిప్పేసింది. తివాచీ చెడింది. గ్రామఫోను మాత్రం ఆగకుండా పాడుతూనే ఉంది. ఒడ్డు మీద కాలు పెట్టి, "ఈ దరిద్రాన్ని ఎవడన్నా తీసుకుపోండ్రా" అన్నారు. దగ్గర్లో ఉన్న ఎవడన్నా నేనే కదండీ. నా దగ్గరున్నదంతా ఆయన చేతిలో పెట్టేను. ఆయన చూసుకోలేదు కూడాను.

కూచుని పోయేవాడికి సుందరి సుఖం. అందులో బతకలేం. లోపల నిలబడితే నెత్తి తగులుతుంది. పొయ్యి పెడితే జారిపోయి నిప్పులు పరుపు మీదకొస్తాయి. పడుకుంటే ఒంటిని బల్లకి కట్టేసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి ఏ మూలో దొరుకుతాం. దాని అడుగు బాగా లోతు, కాలవలోకి దూరదు. చాప కొయ్య కిందికి వాలదు, వంతెన కింద పట్టదు. అందుకనే దాని బతుకంతా లాకు బయట, నదిలోనే.

నూకాలమ్మలో గూడు కింద నిటారుగా నిలబడి పంచె కట్టుకోవచ్చు. వెనకాల మట్టిపొయ్యి, పక్కన గంపలో కోళ్ళు, చుక్కాని దగ్గర కనకాంబరం డబ్బాలు. వాన పడితే తాటాకు మీద చప్పుడు వింటూ పడుకోవచ్చు. వీరాయమ్మ పొయ్యి పొగ చూసి, "లేవయ్యా, గాలి తిరిగింది" అంటే అది తిరిగినట్టే. నేను ఆకాశం అంతా చూసి చెప్పేదాన్ని ఆవిడ కూర తిప్పుతూ చెప్పేది. ఆవిడ కాపురానికి వచ్చింది ఆ పడవలోకే. ఎప్పుడన్నా చుట్టాలింట్లో పడుకోవలసొస్తే, "నేల కదలట్లేదు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది.

నూకాలమ్మ జబ్బులు కూడా రాయాలి. అడుగు చెక్కలు మెత్తబడిపోయేయి. గుగ్గిలం ఎంత పట్టించినా తెల్లారేసరికి నీరు ఊరుతుంది. పొద్దున్నే లేచి డబ్బాతో తోడాలి, అదయ్యేకే మొహం కడుక్కోడం. ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేస్తే బురదలో ఓ పక్కకి ఒరిగి కూచుంటుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో గంజి కూడా ఒరిగే ఉంటుంది.

ఒకటి పోయే పడవ, ఒకటి ఉండే పడవ. పోవలసిన మనిషిని నేను, ఉండవలసిన మనిషి వీరాయమ్మ. ఇంత తేలిగ్గా తేలిపోతే ఈ కాగితం అక్కర్లేకపోను.

2. నూకాలమ్మని దాని గూడు, గెడలు, తాళ్ళు, లంగరు, కోళ్ళు సహా నా తదనంతరం నా భార్య వీరాయమ్మ దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను. విక్రయం అన్న మాట ఊరికే పుస్తకంలో ఉందని రాసేను. ఆ పడవని కొనే తెలివితక్కువవాడు నాతోనే ఆఖరు.

ఇవ్వడం తేలికేనండి. ఇచ్చింది నీళ్ళ మీద నిలబడాలి కదా. అడుగు చెక్కలు మార్పించాలి. దానికి సుందరిని అమ్మడం తప్ప వేరే దారి లేదు.

3. సుందరిని అంబాజీపేట కొబ్బరి వర్తకులు మాణిక్యాలరావు గారికి అమ్మి, ఆ సొమ్ముతో నూకాలమ్మ అడుగు చెక్కలు మార్పించవలెను. మిగిలితే వీరాయమ్మది. మిగలదు.

ఆయన కార్తీకం వెళ్ళేక తీసుకుంటానని మాటిచ్చేరు. ఒక షరతు పెట్టేరు. రేవుకొచ్చి నా గొంతు వైపు చూడకుండా చూస్తూ, "ఏమీ అనుకోకు పోలిరాజూ, పడవ శుభ్రంగా ఉండాలి" అన్నారు. నేను పలక మీద రాసేను: నిన్ననే కడిగేనండి, అని. ఆయన చదివేరు గానీ నవ్వలేదు. ఆయన అడిగిన శుభ్రం వేరని నాకూ తెలుసు.

4. ఆ శుభ్రం ఏమిటో చెప్పకపోతే తర్వాతవి మీకు తెలియవు.

ధనిష్ఠ నించి రేవతి దాకా అయిదు నక్షత్రాలున్నాయి. వాటిల్లో మనిషి పోతే, పోయిన ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి. పంచకం అంటారు. మనుషులు బయటికి పోయి, తలుపు మూసేసి, గడువు తీరేక వచ్చి శాంతి చేయించుకుని బూజు దులుపుకుంటారు. ఇల్లయితే ఎక్కడికీ పోదు కదండీ, అక్కడే ఉంటుంది. పడవకి ఆ భాగ్యం లేదు. నాలుగు రోజులు నీళ్ళు తోడకపోతే మునుగుతుంది. పాడుపెట్టినదాంట్లోకి, తోడ్డానికి కూడా, మనిషి దిగకూడదు.

మా నాన్న శతభిషంలో పోయేడు, పడవలోనే. గట్టు మీదకి దింపుదాం దింపుదాం అంటూనే ఉన్నారు. ఇంకా ఊపిరి బాగానే ఉంది అన్నాడొకడు. వాన వెలవనియ్యండి అన్నాడొకడు. వాన వెలిసింది, ఆయన లేడు. మా అమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకుని గట్టు మీంచి చూసింది. ముందు అడుగు నిండింది. తర్వాత పొయ్యి మునిగింది. తర్వాత గూడు మీద కాకి వాలడానికి చోటు మిగిలింది. తర్వాత అదీ లేదు. రేవు రేవంతా నిలబడి చూసేరు, ఒక్కడు కూడా డబ్బా పట్టుకుని దిగలేదు. మా అమ్మ కూడా దిగలేదు. నేను బడి మానేసింది ఆ ఏడే.

నువ్వు ఆ అయిదింట్లోనే పోతావని ఎవడు చెప్పేడు అంటారు మీరు. నా సంగతి నాకు తెలుసండి. పుట్టడం అమావాస్యనాడు పుట్టేను. నా పెళ్ళికి లాకు తలుపు ఇరుక్కుపోయి, ముహూర్తం వెళ్ళిపోయేక పెళ్ళికొడుకు దిగేడు. మంచిరోజు ఎక్కడున్నా నేను వస్తున్నానంటే పక్కకి తప్పుకుంటుంది.

ఇదంతా నమ్ముతావా అంటే, నేను నమ్మను. వీరాయమ్మ అసలే నమ్మదు. కానీ కళాసీలు నమ్ముతారు, సరుకు వేసేవాళ్ళు నమ్ముతారు, పక్కన పడవ కట్టేవాళ్ళు నమ్ముతారు. మేమిద్దరం నమ్మకపోతే ఏం లాభం? ఒక్కత్తీ ఆ పడవలో కూచుని నీళ్ళు తోడుకోవాలి, అలిసిపోయేదాకా.

కాబట్టి సంగతేమిటంటే, నేను నూకాలమ్మలో పోతే ఆవిడకి ఇల్లు పోతుంది. సుందరిలో పోతే ఆ ఇల్లు నిలబెట్టే సొమ్ము పోతుంది. రెండు పడవలున్న ఆసామీకి చావడానికి చోటు లేదండి.

5. సుందరిలో గోడకి బిగించిన నిలువుటద్దాన్ని, పడవ అమ్మేలోపల ఊడదీసి, ఉప్పలగుప్తంలో ఉంటున్న నా బావమరిది దానంకి ఇవ్వవలెను.

కారణం రాస్తున్నాను. దానం కొత్తగా పెంకుటిల్లు కట్టేడు. వీధరుగు మీద కొన్నాళ్ళు పడుకోనియ్యి అని పలక మీద రాసి చూపించేను. వాడు చదివి, కాసేపు వాసాలు చూసి, "బావా, నువ్వు ఏనాడన్నా చెప్పిన వేళకి సరుకు దింపేవా? చావు మాత్రం వేళ చూసుకుని చస్తావని నన్ను నమ్మమంటావా?" అన్నాడు. మాట బావుందని నవ్వేను. రేవుకి తిరిగొచ్చేక కోపం వచ్చింది. ఆ అద్దం ముందు నిలబడి ఆ మాట ఇంకోసారి అనమనండి.

అన్నాక అద్దం ఇంట్లో పెట్టుకోమనండి, మంచి బెల్జియం అద్దం. వాడిది కొత్త ఇల్లు, చంటిపిల్లలు, వర్షాకాలం. పాడుపెడితే వాళ్ళెక్కడికి పోతారు? వాడి చోట నేనున్నా అదే అందును, ఇంత బాగా అనలేకపోదును. అక్కని నేను చూసుకుంటాను అని కూడా అన్నాడు. వాడి మాట మంచిదే గానీ వాడి ఇంటి నేల కదలదు.

6. నా శంఖం ఈ రేవు లాకు తలుపులు ఎత్తించే లస్కరు గంగాధరం గారికి.

కాలవ గట్టు సర్కారుది. నేను పోడానికి గట్టు మీద పాక వేస్తే ఆయన ఉద్యోగం మీదకి వస్తుంది. అయినా అడిగితే, "నేను అటువేపు నాలుగు రోజులు చూడనులేవయ్యా" అన్నారు. ఆయన ఒప్పుకున్నారు, వీరాయమ్మ ఒప్పుకోలేదు. "గట్టు మీద దింపి చాప కప్పడానికి నువ్వేమన్నా తడిసిన బస్తావా? పోతే నా పొయ్యి దగ్గరే పో. పడవ మునిగితే మునిగింది, నేనూ అందులోనే కూచుంటాను" అంది. అని చేపలు కడగడానికి పోయింది. ఊరికే అనే మనిషి కాదు. నాకు భయం వేసింది అప్పుడే. డాక్టరుగారి లైటుకి కూడా వెయ్యలేదు.

శంఖం సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం గంగాధరం గారు లాకు మీద కునుకు తీస్తుంటే, పెద్ద దొరల లాంచీ వస్తున్నట్టు మలుపులోంచి శంఖం ఊదేవాణ్ణి. ఆయన తలపాగా చుట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి, తలుపులు ఎత్తించి, వంగి సలాం కొట్టేవాడు. పడవ ముందర మా కోడిపుంజు ఉండేది, సలాం అది అందుకునేది. వీరాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గూట్లోకి పారిపోయేది. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు ఊదితే అన్నిసార్లూ మోసపోయేడని నేను ఊరంతా చెప్పుకున్నాను. మొన్న వీరవెంకటరమణ చెప్పేడు, ఆయన మోసపోయింది మొదటిసారేనట. తర్వాతవన్నీ, "పోనీ ఆ తల్లి నవ్వుతుంది కదా" అని వచ్చి కొట్టిన సలాములట. అయ్యా గంగాధరం గారూ, నన్ను ఇంత మోసం చేసినవాళ్ళు ఇంకొకరు లేరు. శంఖం మీకే. అప్పుడప్పుడు నూకాలమ్మ వైపు తిరిగి ఊదండి.

7. గ్రామఫోను పెట్టె, దాంతో వచ్చిన ఒకే ఒక్క ప్లేటు, నా పాత కోటు మా కళాసీ ముత్యాలుకి.

ముత్యాలుకి రెండు చెవులూ వినపడవు. నాకు గొంతు లేదు. మేమిద్దరం కలిసినా ఇప్పుడు ఒక మనిషి పూర్తిగా అవ్వం. అయినా సుందరి చాప తిప్పాలంటే వాడికి చెప్పక్కర్లేదు, నా భుజం చూసి తిప్పుతాడు. చెవిటివాడికి గ్రామఫోనేమిటి, చచ్చేముందు కూడా వేళాకోళమా అంటారేమో. ప్లేటు తిరుగుతున్నప్పుడు వాడు ఆ చెక్కపెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఏమన్నా తెలుస్తోందిరా అని సైగ చేస్తే, ఆయ్ అంటాడు. అందుకనీ.

నా చుట్టల పెట్టె గోదాట్లో పారెయ్యండి. చేపలు మిగిలితే వాటి ఖర్మ.

నా పలక వీరాయమ్మకి. ఆవిడకి చదవడం రాదు. నేను రాసింది చూసి ఏం రాసేనో అడక్కుండా నా మొహం చూసి తెలుసుకుంటోంది. అందుకని ఈ మధ్య ఆవిడకి ఏం రాస్తున్నానో నేను కూడా చూసుకోవట్లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే రాయాలి. ఇవన్నీ జరిగినా, సుందరి అమ్ముడుపోయినా, అడుగు చెక్కలు మారినా, ఎన్నాళ్ళండి? కొబ్బరికాయ ఇప్పుడు లారీ ఎక్కుతోంది. వడ్లు కూడా ఎక్కుతాయి. కాలవలో మా ముందు వెనకల ఉండే పడవలు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నాయి, రేవులో లంగరు తాళ్ళు చిక్కులు పడడం మానేసేయి. సరంగు లేని పడవకి సరుకెవడు వేస్తాడు? ఎండాకాలం కాలవ కట్టేస్తే ఒక్కత్తీ ఆ బురదలో ఒరిగిన పొయ్యి దగ్గర కూచుంటుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో రాద్దామని చాలాసేపు కలం పట్టుకు కూచున్నాను. సిరా ఎండిపోయింది. ఏమీ తోచలేదు. తోచినట్టు రాసి ఆవిణ్ణి మభ్యపెట్టలేను. నేను చెయ్యగలిగింది ఒక్కటే, నా చావు వల్ల ఆ పడవ మునక్కుండా చూడ్డం. తర్వాత అదే మునిగితే నన్నేమీ అనకండి.

8. నా చావు గురించి. దీని కోసమే బతికుండగా చదవమన్నది.

పంచాంగం చూసే పంతులుగారి దగ్గరికి వెళ్ళి పలక మీద రాసేను: ఇంట్లో పోతే ఇల్లు పాడు, అరుగు మీద పోతే అరుగు పాడు, ఇంటికీ ఇంటికీ మధ్యన పోతే ఏది పాడుపెట్టాలండి, అని. ఆయన ముందు విసుక్కున్నారు. తర్వాత నా మొహం చూసి పంచాంగం మూసేసేరు. మధ్యన ఏముంది అన్నారు. నడకచెక్క అని రాసేను. ఒడ్డుకి దిగడానికీ, ఒక పడవలోంచి ఇంకో పడవలోకి వెళ్ళడానికీ వేసే చెక్కండి. కట్టినప్పుడు వేస్తాం, విప్పినప్పుడు తీసేస్తాం, ఏ పడవదీ కాదు. పంతులుగారు గడ్డం గోక్కున్నారు. "పాడె మోసిన భుజానికి దోషం అంటదు కదా. ఆ చెక్కని పాడె అనుకుంటే, రెండు పడవలూ మోసినట్టే లెక్క. పో, నీకు దోషం లేదు" అన్నారు. దక్షిణ తీసుకోలేదు. నా జీవితంలో చేసిన చమత్కారాలన్నిట్లోకీ శాస్త్రం ఒప్పుకున్నది ఇదొక్కటే.

కనక ఎగ్జిక్యూటర్లుగా నేను పెట్టిన గంగాధరం గారూ, ముత్యాలూ చెయ్యవలసింది ఇది. నాకు నీళ్ళు గొంతు దిగడం ఆగిపోయిన పూట, నూకాలమ్మని లాకు దాటించి నదిలోకి తేవలెను. సుందరి పక్కన, మధ్యన మనిషి ఎడం ఉంచి కట్టవలెను. మధ్యన చెక్క వేసి నన్ను దాని మీద పడుకోబెట్టవలెను. ఊపిరి బాగానే ఉంది అనే వాడి మాట వినొద్దు. వాన వెలవనియ్యండి అనే వాడి మాట అసలు వినొద్దు. వాన పడితే ముత్యాలు తాటాకు గొడుగు పడతాడు. నేను పక్కకి దొర్లి నీళ్ళల్లో పడిపోతే కంగారు పడొద్దు, గోదారికి నక్షత్రాలు అంటవు.

అయ్యేక ఆ చెక్క మీదే మొయ్యండి, ఆ చెక్కతోనే కాల్చండి. నూకాలమ్మకి వేరే కొత్త చెక్క చేయించండి. వీరాయమ్మ పాదం జారకుండా దాని మీద అడ్డపట్టీలు దగ్గర దగ్గరగా కొట్టించండి. పాత చెక్కకి కొట్టిస్తానని ఏటా అనేవాణ్ణి.

ఇంక ఒక్కటుంది. ఇది మాత్రం పెద్దలకి కాదు, వీరాయమ్మకి. చదివేవాళ్ళు కాస్త నెమ్మదిగా చదవండి.

వీరాయమ్మా, పంతులుగారు దోషం లేదన్నాక గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట చెప్పేరు. ఇంట్లో ఉన్న మనిషి ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని ఉండగా పోతే, ఇంట్లో పోయినట్టే లెక్కట. నువ్వు నూకాలమ్మ అంచు మీద, చెక్క పక్కనే, కూచుంటావని నాకు తెలుసు. కూచో. నా చెయ్యి పట్టుకుంటావని తెలుసు. పట్టుకో. కానీ నా భుజం చూసి ముత్యాలు సైగ చేస్తాడు. అప్పుడు వదిలెయ్యాలి. ఎక్కువసేపు కాదు. గాలొచ్చినప్పుడు ఒడ్డున కొయ్యకి కట్టిన తాడు నువ్వే కదా విప్పేదానివి, నేను చుక్కాని దగ్గరుంటే. అలాగే. అప్పుడు కూడా నువ్వు తాడు ఆఖరి దాకా పట్టుకుని, పడవ కదిలేక గానీ వదిలేదానివి కాదు, నేను కేకలేసేవాణ్ణి. ఈసారి కేకెయ్యడానికి నాకు గొంతు లేదు. అందుకని ముందే, నలుగురి ఎదుట, కాగితం మీద రాస్తున్నాను. పడవ కదలకముందే వదిలెయ్యి.

ఇది నేను మనసారా రాసుకున్న మొదటి వీలునామా, ఆఖరుది కూడా. దీన్ని నా వైపునించి ఎవరూ మార్చడానికి వీల్లేదు. నేను మారుస్తానేమో అంటారా, ఇంక టైము లేదండి.

జయ నామ సంవత్సరం భాద్రపద బహుళ పంచమి శుక్రవారం, అనగా 1954 సెప్టెంబరు 17, బెండమూర్లంక రేవు, నూకాలమ్మ గూట్లో కూచుని రాసి ముగించినది.

(సంతకం) సంగాని పోలిరాజు

సాక్షులు. ఏమన్నా పుచ్చుకునేవాళ్ళు సాక్షులు కాకూడదట, అందుకని ఈ ఇద్దరికీ నేనేమీ ఇవ్వలేదు:

1. వీరవెంకటరమణ, కాఫీ హోటలు, బెండమూర్లంక రేవు (సంతకం)

2. అప్పాయమ్మ, ఇడ్డెన్ల దుకాణం, సదరు రేవు (వేలిముద్ర)

పై వీలునామాని పోలిరాజు గారి ఎదుట, అందరూ వింటుండగా, నేను పైకి చదివేను. పోలిరాజు గారు తమ భార్య చేత కూడా విన్నట్టు వేలిముద్ర వేయించమని పలక మీద రాసేరు. వీరాయమ్మ గారు ఎనిమిదో పేరా దాకా కదలకుండా విన్నారు. సిరా పెట్టె దగ్గరికి తీసుకెళ్తే రెండు చేతులూ వెనక్కి దాచుకున్నారు.

వీరవెంకటరమణ